ఎర్రకణం లోపల ఒక నులక మంచం

పోయిన ఏడాది వర్షాకాలంలో ఒక అర్ధరాత్రి మా రూమ్మేట్ కడుపు పట్టుకుని లేచి కూర్చున్నాడు. రాత్రి తిన్న బిర్యానీ మీదే మా ఇద్దరికీ అనుమానం. గ్యాస్ మాత్ర వేసుకున్నాడు, తగ్గలేదు. కుడి పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకుతోందట నొప్పి. తెల్లారేలోపు ఆస్పత్రికి తీసుకెళ్లాను. స్కాన్ తీశారు. గాల్‌బ్లాడర్ నిండా రాళ్లు. వాడి వయసు 26.

ఆ వయసులో రాళ్లేంటని నేను ఆశ్చర్యపోతుంటే డాక్టర్ మాత్రం వాడి కళ్లలోకే చూస్తున్నారు. "ఈ పచ్చదనం ఎప్పటినుంచి?" అని అడిగారు. "చిన్నప్పటినుంచీ అంతే సార్" అన్నాడు వీడు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎవరికైనా అయిందా?" "నాన్నకి అయింది సార్." ఆయన తల ఊపి, రక్తం చుక్కని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూడమని రాశారు.

ఇక్కడ వాడి గురించి కొంచెం చెప్పాలి. (వాడి అనుమతితోనే రాస్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు.) హాస్టల్లో వాడికి 'పసుపు' అని పేరు. మందు ముట్టనివాణ్ణి పట్టుకుని ఆఫీసులో "వీకెండ్ డోసు తగ్గించు బాస్" అని జోకులు. స్కూల్లో ఉండగా మూడుసార్లు కామెర్లన్నారు, మూడుసార్లూ పసరు తాగించారు, ఉప్పు లేని పథ్యం పెట్టారు. ఒకసారి మణికట్టు మీద వాత కూడా పెట్టారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ప్రతిసారీ పది పదిహేను రోజులకి పచ్చదనం కాస్త తగ్గేది. "చూశావా, పసరు పనిచేసింది" అనుకునేవాళ్లు.

మా ఫీల్డులో దీన్ని రీస్టార్ట్ చేస్తే పోయే బగ్ అంటాం. సర్వర్ ఆపి ఆన్ చేస్తే సర్దుకుంటుంది కాబట్టి అసలు తప్పు ఎక్కడుందో ఎవరూ వెతకరు. వాడి విషయంలో తప్పు లివర్‌లో లేదు. అది రక్తకణం పొర కింద, ఒక మిల్లీమీటర్‌లో కొన్ని లక్షల వంతు ఉండే ఒక తాళ్ల అల్లికలో ఉంది.

ఈ వారం ఆ అల్లిక గురించి మాట్లాడుకుందాం.

గుండ్రంగా ఉంటే పనికిరాదు

ఎర్ర రక్తకణం చూడటానికి గారెలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. గారెకి చిల్లు ఉంటుంది, దీనికి ఉండదు. చిన్న పిండి ఉండని అరచేతిలో నొక్కి, రెండువైపులా మధ్యలో బొటనవేలితో అదిమితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అడ్డంగా సుమారు 8 మైక్రాన్లు. లోపల సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. కేంద్రకం లేదు. అంటే ఏదైనా పాడైతే కొత్త ప్రోటీన్ తయారుచేసుకునే ఏర్పాటు లేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్న సామానుతోనే దాదాపు 120 రోజులు బండి లాగాలి.

ఆ 120 రోజులూ ఊరికే కూర్చోదు. మనం విశ్రాంతిగా ఉన్నా ఒళ్లంతా ఒక చుట్టు చుట్టి రావడానికి సుమారు ఒక నిమిషం. లెక్కేసుకోండి, జీవితకాలంలో లక్షన్నరకు పైగా చుట్లు. పైగా దారి మధ్యలో దానికన్నా సన్నటి రక్తనాళాలు వస్తాయి. అక్కడ ఒళ్లు మడుచుకుని, సాగి, అవతలికి జారి, మళ్లీ పాత ఆకారంలోకి రావాలి. మన దగ్గర ఏ మెషిన్నైనా లక్షన్నరసార్లు ఇలా మడిచి వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది ఎలా సాధ్యం? మొదటి రహస్యం ఆ నొక్కిన ఆకారంలోనే ఉంది. పూర్తిగా నిండి బిగుసుకున్న పాల ప్యాకెట్‌ని తలుపు సందులోంచి తోయగలరా? చిరుగుతుంది. అదే ప్యాకెట్‌లో సగమే పాలుంటే? నొక్కితే ఎటు కావాలంటే అటు పరుచుకుని జారిపోతుంది. ఎర్రకణానిది ఈ రెండో పద్ధతి. లోపలున్న సరుకుని ఒక గోళంలో పెట్టడానికి ఎంత పొర చాలో, దానికన్నా సుమారు 40 శాతం ఎక్కువ పొర దాని దగ్గరుంటుంది. ఆ వదులే దాని ఆస్తి. వదులు పోయిందంటే కథ మొదలైనట్టే.

బొంత, నులక, ముడులు

రెండో రహస్యం పొర కింద ఉంది. కణం పొర అంటే ఎక్కువగా కొవ్వు అణువుల రెండు వరసలు. మందం సుమారు 5 నానోమీటర్లు. నీళ్ల మీద నూనె తెట్టులాంటిది. వంగుతుంది గానీ లాగితే తట్టుకోలేదు. కొంచెం సాగదీసినా చిరిగిపోతుంది. దాన్ని ఒక్కదాన్నే రక్తప్రవాహంలో వదిలితే ముక్కలైపోతుంది.

మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒక నులక మంచం ఉండేది. దాని మీద పాత చీరలతో కుట్టిన బొంత. పడుకుంటే మెత్తగా తగిలేది బొంతే. కానీ మన బరువు మోసేది కింద అల్లిన నులక. కణంలోనూ అంతే. కొవ్వు పొర బొంత. దానికి లోపలివైపున ప్రోటీన్లతో అల్లిన నులక ఉంటుంది. దాని ముఖ్యమైన తాడు పేరు స్పెక్ట్రిన్.

స్పెక్ట్రిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు పోగులు. రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. అలాంటి రెండు జంటలు తలలు కలుపుకుంటే ఒక పొడుగాటి తాడు. పూర్తిగా లాగితే దాదాపు 200 నానోమీటర్లు. కానీ కణంలో మామూలుగా అందులో మూడోవంతు పొడవుకి ముడుచుకుని ఉంటుంది. అంటే ఇది కొబ్బరి నులక కాదు, రబ్బరు నులక. సన్నటి నాళంలో సాగుతుంది, బయటికి రాగానే వెనక్కి లాగుతుంది.

ఈ తాళ్ల కొసలు కలిసేచోట ముడులుంటాయి. ఆ ముడులు యాక్టిన్ అనే ప్రోటీన్‌తో చేసిన పొట్టి కడ్డీలు. ఒక్కో కడ్డీకి సుమారు ఆరు స్పెక్ట్రిన్ తాళ్లు వచ్చి కలుస్తాయి. అందుకే మొత్తం అల్లిక మూడు మూలల గళ్ల వలలాగా కనిపిస్తుంది. ముడి వదులవకుండా 4.1 అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది.

నులక మాత్రమే బాగుంటే చాలదు, బొంత దాని మీద నిలవాలి కదా. అందుకు కట్లు కావాలి. పొరలో ఇటునుంచి అటు దూసుకుని ఉండే బ్యాండ్ 3 అనే ప్రోటీన్ ఉంది. ఒక్కో కణంలో సుమారు 10 లక్షలు. బైకార్బొనేట్‌ని లోపలికీ బయటికీ మార్చుతూ, కార్బన్ డయాక్సైడ్‌ని ఊపిరితిత్తులకు చేర్చడంలో సాయపడటం దాని ఉద్యోగం. సైడ్‌లో ఇంకో పని కూడా చేస్తుంది. యాంకిరిన్ అనే కొక్కెం ఒకవైపు బ్యాండ్ 3ని, ఇంకోవైపు స్పెక్ట్రిన్‌ని పట్టుకుంటుంది. ముడుల దగ్గర 4.1 కూడా గ్లైకోఫోరిన్ సి అనే ఇంకో పొర ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఇలా బొంతకీ నులకకీ మధ్య వేల వేల కట్లు.

దెయ్యాల్లోంచి తీసిన పేరు

ఈ పేర్ల వెనక కథ కూడా బాగుంటుంది. ఎర్రకణాల్ని పల్చటి నీళ్లలో వేస్తే ఉబ్బి, హిమోగ్లోబిన్ అంతా కారిపోయి, ఖాళీ తొడుగు మిగులుతుంది. రంగులేని ఆ తొడుగుల్ని శాస్త్రవేత్తలు 'ఘోస్ట్‌లు' అంటారు. 1968లో విన్సెంట్ మార్చేసి, ఎడ్వర్డ్ స్టీర్స్ ఆ దెయ్యాల్లోంచి ఒక ప్రోటీన్‌ని విడదీశారు. దెయ్యానికి ఇంగ్లిష్‌లో ఇంకో మాట స్పెక్టర్. అలా అది స్పెక్ట్రిన్ అయింది.

1971లో ఫెయిర్‌బ్యాంక్స్, స్టెక్, వాలక్ అనే ముగ్గురు ఈ పొర ప్రోటీన్లని జెల్‌లో కరెంటుతో పరుగెత్తించి, పడిన చారలకి పైనుంచి వరసగా నంబర్లు వేశారు. మూడో చార బ్యాండ్ 3. నాలుగో చారలో ఒకటి 4.1, ఇంకోటి 4.2. తర్వాత మంచి పేరు పెడదాంలే అనుకుని వదిలేసిన ఫైల్ పేర్లలాగా అవే నిలిచిపోయాయి.

1973లో ఇంకో ప్రయోగం. దెయ్యాల మీద సబ్బులాంటి ద్రావణం పోసి కొవ్వునంతా కడిగేశారు. బొంత పోయింది. అయినా కణం రూపు పోలేదు! కింద ప్రోటీన్ల వల అలాగే నిలబడి ఉంది. ఆకారాన్ని కాపాడేది ఎవరో అప్పుడు తేలిపోయింది.

ఎలా తెగితే అలా

ఇప్పుడు మా వాడి దగ్గరికి వద్దాం. మంచం రెండు రకాలుగా చెడిపోవచ్చు. ఒకటి, బొంతని నులకకి కట్టిన కట్లు ఊడటం. రెండు, నులకే తెగటం.

మొదటిది జరిగితే పట్టులేని చోట పొర బుడగల్లా లేచి, చిన్న చిన్న ముక్కలుగా ఊడిపోతుంది. లోపలి సరుకు దాదాపు అంతే ఉంటుంది, చుట్టే పొర మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది. ఆ 40 శాతం వదులు కరిగిపోతుంది. చివరికి కణం బిగుసుకున్న గోళమవుతుంది. నిండా నింపిన పాల ప్యాకెట్టన్నమాట. దీన్ని హెరిడిటరీ స్ఫెరోసైటోసిస్ అంటారు. యాంకిరిన్, బ్యాండ్ 3, స్పెక్ట్రిన్, 4.2 వీటిలో ఏ జన్యువులో లోపమున్నా రావచ్చు. ఉత్తర యూరప్ మూలాలవాళ్లలో ప్రతి 2,000 నుంచి 5,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. మన దేశంలోనూ ఉంది.

రెండోది జరిగితే, అంటే స్పెక్ట్రిన్ తాళ్లు తలలు కలిపేచోటో, 4.1 ముడి దగ్గరో బలహీనమైతే, సాగిన కణం వెనక్కి రాలేదు. సాగీ సాగీ కోడిగుడ్డులా ఉండిపోతుంది. 1904లో అమెరికాలో మెల్విన్ డ్రెస్‌బాక్ అనే ఆయన ఒక విద్యార్థి రక్తంలో ఇలాంటి కణాలు చూసి రాశాడు. ఇది చాలామందిలో ఏ బాధా పెట్టకుండా ఉండిపోతుంది.

గోళంగా మారిన కణానికి మాత్రం అసలు గండం ప్లీహం దగ్గర. ప్లీహంలో రక్తం కొన్ని సన్నటి చీలికల్లోంచి దూరి రావాలి. వాటి వెడల్పు సుమారు 1 మైక్రాన్. 8 మైక్రాన్ల కణం అందులోంచి! మెట్రో స్టేషన్ గేటనుకోండి. కార్డులో బ్యాలెన్స్ ఉన్నవాడు వెళ్లిపోతాడు, లేనివాడు ఆగిపోతాడు. ఇక్కడ బ్యాలెన్స్ అంటే ఆ పొర వదులు. ఆగిపోయిన కణాన్ని అక్కడ కాపలా ఉన్న తెల్లకణాలు మింగేస్తాయి. 120 రోజులు బతకాల్సింది కొన్ని వారాల్లో అయిపోతుంది.

మింగిన హిమోగ్లోబిన్‌లోంచి పుట్టేదే బిలిరుబిన్, పసుపు రంగు పదార్థం. దాన్ని శుభ్రం చేసి పైత్యరసంలో కలిపి పంపడం లివర్ పని. లివర్ బాగానే ఉంది పాపం. కానీ రావాల్సినదానికన్నా ఎక్కువ లోడ్ వస్తోంది. కొంత రక్తంలో మిగిలి కళ్లు పచ్చబడతాయి. కొంత గాల్‌బ్లాడర్‌లో పేరుకుని రాళ్లవుతుంది. జ్వరమో ఇన్ఫెక్షనో వస్తే కణాలు ఇంకా ఎక్కువ పగిలి పచ్చదనం పెరుగుతుంది. జ్వరం తగ్గితే అదీ తగ్గుతుంది. మధ్యలో తాగిన పసరుకి క్రెడిట్ దక్కుతుంది!

వాడి స్మియర్ రిపోర్టులో 'స్ఫెరోసైట్స్' అని రాసుంది. రోగనిరోధక శక్తే కణాల మీద దాడి చేస్తున్నా ఇలాంటి గుండ్రటి కణాలు కనిపిస్తాయి కాబట్టి కూంబ్స్ పరీక్ష చేశారు. అది నెగటివ్. తర్వాత ఈఎంఏ అనే పరీక్ష. బ్యాండ్ 3కి అతుక్కుని వెలిగే ఒక రంగు వేసి, ఎంత వెలుగుతోందో కొలుస్తారు. పొర తగ్గితే వెలుగూ తగ్గుతుంది. వాడిది తగ్గింది. పాత సీబీసీ రిపోర్టులన్నీ తీసి చూస్తే ఎంసీహెచ్‌సీ అనే లైన్ ప్రతిసారీ ఎక్కువగానే ఉంది. అది కూడా ఒక క్లూయేనట. కాలేజీ రోజులనుంచీ అక్కడే కనిపిస్తున్న ఎర్రర్ లాగ్. ఎవరూ చదవలేదు.

అమ్మ చెప్పొద్దన్న మాట

గాల్‌బ్లాడర్ తీసేశారు. వాడిది తేలికపాటి రకం కాబట్టి ప్లీహం జోలికి వెళ్లలేదు. తీవ్రంగా ఉన్నవాళ్లకి ప్లీహం తీసేస్తే కణాలు గుండ్రంగానే ఉంటాయి గానీ వాటిని ఆపే గేటు పోతుంది కాబట్టి ఎక్కువ రోజులు బతుకుతాయి. కానీ ప్లీహం లేకపోతే కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదికి వస్తాయి. అందుకే ముందే టీకాలు వేస్తారు, చిన్నపిల్లల్లో వీలైనంత వరకు వాయిదా వేస్తారు.

ఆపరేషన్‌కన్నా కష్టమైన ఘట్టం తర్వాత వచ్చింది. ఇది ఎక్కువగా తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వచ్చేది. ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. వాళ్ల నాన్నగారికి పరీక్ష చేస్తే ఆయనకీ అదే. "మా నాయన కళ్లు కూడా ఇలాగే ఉండేవి" అన్నారాయన నెమ్మదిగా. మిగిలింది వాడి అక్క. ఆవిడ అప్పటికి ఏడో నెల గర్భిణి.

"అక్కకి చెప్పకురా. అత్తారింట్లో ఏమనుకుంటారో. కాన్పు అయ్యాక చూద్దాం" అంది వాళ్లమ్మ ఫోన్‌లో. ఆవిణ్ణి తప్పుపట్టలేను. కొడుక్కి 'పసుపు' అని పేరు పెట్టిన లోకాన్ని ఆవిడ చూసింది. ఇప్పుడు కూతురి వంతు రాకూడదనుకుంది.

వాడు రెండు రోజులు నలిగాడు. మళ్లీ డాక్టర్ని అడిగాడు. ఆయన చెప్పింది ఒకటే. ఈ లోపంతో పుట్టిన కొందరు పిల్లలకి మొదటి రోజుల్లోనే కామెర్లు వేగంగా పెరుగుతాయి. పుట్టిన ప్రతి బిడ్డకీ కాస్త వచ్చేదేలే అని వదిలేసి, బిలిరుబిన్ మరీ ఎక్కువైతే మెదడుకి ప్రమాదం. ముందే తెలిస్తే పుట్టిన రోజునుంచే కొలుస్తారు, అవసరమైతే లైటు కింద పెడతారు. అంతే.

వాడు ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత "రిపోర్టులన్నీ వాట్సాప్ చెయ్" అందట. ఆవిడకీ ఉందని తేలింది. బావ వాటిని ప్రింట్ తీయించి కాన్పు చేసే డాక్టరమ్మకి ఇచ్చాడు. పాప పుట్టిన మొదటి రోజే రక్తం పరీక్షించారు. బిలిరుబిన్ పెరుగుతోంది. నాలుగు రోజులు నీలం లైటు కింద పెట్టి ఇంటికి పంపారు. పాపకి ఆ లోపం ఉందో లేదో కొన్ని నెలలాగి తేలుస్తామన్నారు. అప్పటిదాకా అందరూ కళ్లలోకే చూస్తున్నారు.

ఒక్క కణంతో ఆగని కథ

ఈ అల్లిక గురించి చదువుతూ పోతే ఇంకా చాలా తగిలాయి. మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలో చేరాక తన ప్రోటీన్లని ఈ నులకకి తగిలించి కణాన్ని మొరటుగా, బిర్రుగా మార్చేస్తుంది. పాపువా న్యూగినీ, మలేషియా ప్రాంతాల్లో కొందరికి బ్యాండ్ 3లో తొమ్మిది అమైనో ఆమ్లాలు లోపించి ఉంటాయి. అది వాళ్లని మెదడుకెక్కే మలేరియానుంచి కాపాడుతుంది. బ్లడ్ బ్యాంకులో మనమిచ్చిన రక్తాన్ని 35 నుంచి 42 రోజులకు మించి ఉంచకపోవడానికి ఒక కారణం, చలిలో కూర్చున్న కణాలు మెల్లగా పొరని కోల్పోయి ఇలాగే గుండ్రబడటం. స్పెక్ట్రిన్ చుట్టాలు మన నరాల్లోనూ ఉన్నాయి. నరం పోగులో సుమారు 190 నానోమీటర్ల కొకటి చొప్పున వరసగా కట్టిన ఉంగరాలని 2013లో చూశారు. కండరాల్లో ఉండే డిస్ట్రోఫిన్ కూడా ఈ వంశమే. అది లేకపోతే వచ్చేదే డుషేన్ కండరాల జబ్బు.

అయితే ఈ కాలమ్ చదివి ఎవరికి వాళ్లు జబ్బు అంటగట్టుకోకండి. కళ్లు పచ్చబడటానికి కారణాలు బోలెడు. లివర్‌వీ ఉంటాయి, రక్తానివీ ఉంటాయి. కానీ మాటిమాటికీ కామెర్లు వచ్చిపోతున్నా, చిన్న వయసులోనే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పడినా, ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉన్నా, పసరు దగ్గరికి కాకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఒకసారి స్మియర్ చూడాలా?" అని అడగండి. తర్వాత తేలింది ఏదైనా, ఆ మాట ఇంట్లోవాళ్లకి చెప్పండి.

మొన్న వీడియో కాల్‌లో పాపని చూపించాడు. నేనూ కళ్లలోకే చూశాను. వెలుతురు సరిగా లేదు, రంగు తెలియలేదు. పాప మాత్రం తన పిడికిలిని నోట్లో పెట్టుకుని, అల్లుడి మొహం చూసే మామగారిలా సీరియస్‌గా మమ్మల్నే చూస్తోంది. "వచ్చే నెల టెస్టు" అన్నాడు వాడు. "వాళ్లమ్మే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంది."